ఆన్‌లైన్ స్నేహితులతో ఇంటి కబుర్లు ఎలా చెప్పుకోవాలి?

మొన్న పొద్దున ఆరున్నరకి సింగరాయకొండ అక్క మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. వంటింటి గుమ్మం దగ్గర గోనెపట్టా మీద ముడుచుకుని పడుకున్న పిల్లి. కింద ఒకటే మాట: "వచ్చింది". మూడు రోజులుగా కనబడకుండా పోయిన పిల్లి అది. కాఫీ తాగే లోపే అందరం జవాబులు రాశాం. "ఒళ్లు చిక్కిందే", "చెవి మీద ఆ గాటేంది?", "ముందు పాలు పొయ్యి, తర్వాత తిట్టు". మా ఆయన చూసి, పిల్లి మీద ఇంత చర్చా అని నవ్వారు. నవ్వనీండి. మాలో ఎవరూ ఎవరికీ చుట్టం కాదు. మిద్దె మీద మొక్కలు పెంచేవాళ్ల పెద్ద గ్రూపులో పరిచయమై, తర్వాత పదిమందిమి వేరుపడ్డాం. ఒంగోలు, సింగరాయకొండ, కావలి, అల్లూరు, నెల్లూరు, పొదలకూరు. ఒకామె మాత్రం డాలస్‌లో. పేర్లకన్నా ఊర్లతోనే పిల్చుకుంటాం. అలాంటి గ్రూపు మీరూ కట్టుకోవాలంటే ఏం చేయాలో, నేను తప్పులు చేసి నేర్చుకున్న వరుసలో చెబుతాను.

ముందు పదిమందితో మొదలుపెట్టండి

వాట్సాప్ ఒక గ్రూపులో 1,024 మందిని పట్టనిస్తుంది. కబుర్లకు అది పనికిరాని లెక్క. పదిహేను దాటితే అది మీటింగ్ అవుతుంది. ఇంట్లో కూర మాడిందని రాయడానికి మొహమాటం వస్తుంది. ఏదో ఒక పని కలిపిన వాళ్లు, మొక్కలో కుట్లో వంటలో, వాళ్లలోంచి రెండు మూడు నెలలు మాట తీరు చూశాక మనసుకు నచ్చినవాళ్లను అడిగి చేర్చండి. అడగకుండా చేర్చొద్దు. ముఖం తెలియనివాళ్లయితే ఒకసారి వీడియో కాల్‌లో పలకరించుకోవడం మంచిది, మగవాళ్లు ఆడపేర్లతో తిరిగే రోజులు. మీ ఫోన్‌లోనూ సెట్టింగ్స్, ప్రైవసీ, గ్రూప్స్ అనే చోటికి వెళ్లి, మీ కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లే మిమ్మల్ని గ్రూపుల్లో చేర్చేలా మార్చుకోండి.

శుభోదయం పువ్వుల్ని మెల్లగా మానిపించండి

ఫార్వర్డ్‌లు వచ్చిపడే గ్రూపులో ఇంటి సంగతి ఎవరూ రాయరు. రాసినా ఆ గులాబీల కింద ఎక్కడో పూడిపోతుంది. అలాగని "ఇవి పెట్టకండి" అంటే పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. మా అల్లూరు వదిన రోజూ ఒక పువ్వు పంపేది. ఒకరోజు నెల్లూరామె, "బాగుంది వదినా, మీ ఇంట్లో పూసిందా?" అని అడిగింది. మర్నాడు వదిన నిజంగానే వాళ్ల పెరట్లో నందివర్ధనం ఫొటో తీసి పెట్టింది, కాస్త మసగ్గా, పక్కన బకెట్‌తో సహా. ఆ తర్వాత ఫార్వర్డ్ పువ్వు రాలేదు.

"తిన్నారా?" దగ్గర ఆగిపోవద్దు

ఎలా ఉన్నారు, తిన్నారా అంటే ఆ, తిన్నాం అని జవాబు వస్తుంది. అక్కడితో కత అయిపోతుంది. దానికి బదులు ఈరోజు మీ కంట పడిన ఒక్క సంగతి రాయండి. "చేపలు తెచ్చారు, మామిడికాయ దొరకలేదు, చింతపండుతోనే కానిచ్చాను" అని రాసి చూడండి. మామిడికాయ లేని చేపల పులుసు నెల్లూరు జిల్లాలో ఊరికే పోదు. సాయంత్రం దాకా వాదన నడుస్తుంది. "ఈరోజు నిమ్మకాయ ధర విన్నారా?" అని పొదలకూరు అమ్మాయి రాసిందంటే, వాళ్ల నాన్న మూడ్ ఎలా ఉందో కూడా మాకు తెలిసిపోతుంది.

తెలుగులో టైపు చేయడం కష్టమైతే కీబోర్డు మీద మైక్ బొమ్మ నొక్కి మాట్లాడండి, అదే అక్షరాలు చేస్తుంది. మన యాసకి అక్కడక్కడ తడబడుతుంది, పంపేముందు ఒకసారి చదువుకోండి. నేను "పిలకాయలు" (మా వైపు పిల్లల్ని అలా అంటాం) అంటే అది "పిల్లి కాయలు" అని రాసింది. తప్పు పోయినా 15 నిమిషాల లోపు దిద్దుకోవచ్చు. వాయిస్ మెసేజ్ పంపేవాళ్లు నిమిషంలో ముగించండి. ఇంట్లో నలుగురి మధ్య ఐదు నిమిషాలు ఎవరూ వినలేరు.

జవాబు చెప్పడమే అసలు పని

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కుక్క సంగతి రాస్తే కుక్క సంగతే అడగండి. "మా పాప రెండు రోజులుగా జ్వరంతో ఉంది" అని ఒకరంటే, "మా వాడికీ అంతే, పోయిన నెల..." అని మన గోడు మొదలుపెడతాం. ప్రేమతోనే అంటాం గానీ, ఆమె చేతిలో మాట లాక్కున్నట్టే. ముందు "ఎంత ఉంది జ్వరం? డాక్టర్‌కి చూపించావా? నువ్వు నిద్రపోయావా?" అని అడగండి. మీ వాడి సంగతి సాయంత్రం చెప్పుకోవచ్చు. బొటనవేలు బొమ్మ ఒక్కటి పెట్టి వదిలేయడం నా లెక్కలో జవాబు కాదు.

ఇంకొకటి, రెండు రోజుల తర్వాత మీరే గుర్తుపెట్టుకుని అడగాలి. "ఆ జ్వరం తగ్గిందా?" అనే చిన్న మాటకున్న విలువ ఏ పుట్టినరోజు శుభాకాంక్షకీ లేదు. నాకు మతిమరుపు, అందుకే పాల లెక్క రాసే క్యాలెండర్‌లోనే ఒంగోలు అక్క కొడుకు పరీక్ష, డాలస్ ఆమె అత్తగారి ఆపరేషన్ తేదీ కూడా రాసిపెట్టుకుంటాను.

చావు కబురు వస్తే గ్రూపులో చేతులు జోడించిన బొమ్మల వరుస పెట్టకండి. ఫోన్ చేయండి. ఎత్తకపోతే "ఓపికున్నప్పుడు మాట్లాడు" అని విడిగా రాసి ఊరుకోండి. పదకొండో రోజు దాటాక చుట్టాలంతా వెళ్లిపోతారు, ఇల్లు బోసిపోతుంది. అప్పుడు ఇంకోసారి చేయండి.

ఎవరి కబురు వాళ్ల నోటే రానివ్వండి. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. పొదలకూరు అమ్మాయి నెల తప్పిన సంగతి నాకు విడిగా చెప్పింది. మూడో నెల దాటాక అందరికీ చెబుతానంది. సంబరం పట్టలేక నేను గ్రూపులో "కంగ్రాట్స్" అని పెట్టేశాను. రెండు నిమిషాల్లో అందరికీ కనబడకుండా తీసేశాను. పంపిన రెండు రోజుల దాకా అలా తీసేసే వీలుంది గానీ, చూసిన కళ్లలోంచి తీసే వీలెక్కడిది? నలుగురు చూసేశారు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నాలుగు రోజులు మాట్లాడలేదు, అంతే. ఇప్పుడు ఏది పంపినా బాణం నొక్కేముందు పైన ఎవరి పేరుందో చూసుకుంటాను.

పెంపుడు జీవాల సంగతి

ఫొటో తీసేటప్పుడు నిలబడి పైనుంచి తీయకండి. కింద కూర్చుని దాని కళ్లకు ఎదురుగా ఫోన్ పెట్టి తీస్తే మొహం బాగా వస్తుంది. కుక్కకి చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ పెట్టకూడదని ఎవరైనా తెలియక పెడుతుంటే వెంటనే చెప్పండి, అవి దానికి విషం. పంజరంలో రామచిలుక ఫొటో పెడితే మాత్రం విడిగా చెప్పడం మర్యాద: మన చిలుకల్ని ఇళ్లలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

కుక్క కరిచిందని, గీరిందని ఎవరైనా రాస్తే గ్రూపు వైద్యం అస్సలు వద్దు. కారం, సున్నం, పసుపు అంటూ పది సలహాలు వస్తాయి. సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు గాయం కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోమనండి. ఇంటి కుక్కైనా సరే.

పెంచిన జీవి చచ్చిపోతే "ఇంకోటి తెచ్చుకోక్కా" అనొద్దు. దాని పాత ఫొటో మీ ఫోన్‌లో ఉంటే తీసి పెట్టండి.

కొంచెం జాగ్రత్త

"అర్జెంటుగా ఇరవై వేలు పంపు" అని స్నేహితురాలి నంబరు నుంచే వచ్చినా ఆమెకు ఫోన్ చేసి గొంతు విన్నాకే నమ్మండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఇల్లు తాళమేసి తిరుపతి వెళ్తున్నామని పోయేముందు రాయకండి, వచ్చి లడ్డూ ఫొటో పెట్టండి.

మాట్లాడనివాళ్లను వదిలేయండి, మరిచిపోకండి

అందరూ రోజూ రాయలేరు. మోత ఎక్కువైతే గ్రూపును 8 గంటలు గానీ వారం గానీ మ్యూట్‌లో పెట్టుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. పది రోజులు పత్తా లేనివాళ్లని గ్రూపులో "ఏంది, నల్లపూసవయ్యావ్" అని ఎత్తిపొడవకుండా విడిగా అడగండి. దూరదేశంలో ఉన్నవాళ్ల గడియారం కూడా గుర్తుండాలి. మనకి పొద్దున 7 అయితే డాలస్‌లో ఎండాకాలం ముందురోజు రాత్రి 8:30, చలికాలం 7:30. మా పిల్లి కబుర్లు ఆమె అన్నం తినే వేళకి అందుతాయి.

ఇక కలుసుకోవడం. మొదటిసారి నలుగురు తిరిగే చోటే కలవండి, ఇంట్లో చెప్పి వెళ్లండి. మేము పోయి పోయి నెల్లూరు రొట్టెల పండుగ పెట్టుకున్నాం. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఫోన్ సిగ్నల్ అందలేదు. ఫలానా చోట నిలబడదామని ముందే అనుకోవాలని మాకెవరికీ తట్టలేదు. గంటన్నర వెతుక్కున్నాక దొరికాం. అందరికీ పంచాలని ఒంగోలు అక్క మోసుకొచ్చిన ఆవకాయ సీసా మూత వదులై, సంచీ, చీర కుచ్చిళ్లు నూనెతో ఎర్రగా ఉన్నాయి. ఆమె ఆ సీసా పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడ్డ ఫొటోనే ఇప్పుడు మా గ్రూపు బొమ్మ.