కంప్యూటర్‌లో పాట బాగా వినిపించాలంటే: డాక్ కొనేముందు సరిచేయాల్సినవి

కంప్యూటర్‌లో పాట పేలవంగా వినిపిస్తే చాలామంది ముందు డాక్ (డీఏసీ, అంటే కంప్యూటర్‌లోని డిజిటల్ పాటను స్పీకర్‌కు పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) కోసమో, సౌండ్ కార్డ్ కోసమో వెతుకుతారు. లోపం మాత్రం ఎక్కువసార్లు డాక్‌కు ముందున్న ఫైల్‌లో, విండోస్ సెట్టింగుల్లో ఉంటుంది. లేకపోతే ఆ తర్వాత వచ్చే వైర్లలో, స్పీకర్లు పెట్టిన చోటులో ఉంటుంది. వీటిని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

ముందు ఫైల్

320 కేబీపీఎస్ (సెకనుకు ఇన్ని కిలోబిట్లు) అని పేరున్న ఎంపీ3ల్లో, 128 కేబీపీఎస్ ఫైల్‌నే మళ్లీ మార్చి పెద్దది చేసినవి చాలా ఉన్నాయి. ఫైల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ దాకా శబ్దం ఉందో బొమ్మగా చూపే స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వేసి చూస్తే తెలిసిపోతుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర స్కేలు పెట్టి కోసినట్టు బొమ్మ ఆగిపోతే అది దాదాపు ఖాయంగా 128 నుంచి వచ్చినదే. అసలైన 320 సుమారు 20 దాకా, సీడీ నుంచి తీసిన ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన ఫైల్) 22 దాకా వెళ్తాయి. 1950, 60ల పాటల్లో పై శబ్దాలు సహజంగానే మెల్లగా పలచబడతాయి, అది తప్పు కాదు. అడ్డంగా తెగిపోవడమే గుర్తు. అలా పోయిన శబ్దాన్ని ఏ పరికరమూ వెనక్కి తేలేదు, వేరే కాపీ వెతుక్కోవాల్సిందే.

ఆ కాలపు సినిమా పాటలు మోనోలో (ఒకే చానల్‌లో) రికార్డయినవి. ఎల్పీ నుంచి స్టీరియోగా ఎక్కించిన ఫైల్‌లో పాట రెండు చానళ్లలోనూ ఒకటే, చిటపటలు మాత్రం వేర్వేరు. ఫూబార్2000 అనే పాటల ప్లేయర్‌లో, శబ్దాన్ని మార్చే డీఎస్పీ జాబితాలో ‘డౌన్‌మిక్స్ చానల్స్ టు మోనో’ చేర్చండి. చిటపట కొంత తగ్గి గొంతు నిలకడగా వినిపిస్తుంది. స్టీరియో పాటలకు మళ్లీ తీసేయాలి.

విండోస్ చేసే మార్పులు

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ తెరిచి మీ స్పీకర్ మీద నొక్కండి. ‘ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్’ ఆఫ్ చేయండి. ల్యాప్‌టాప్‌లలో డాల్బీ, నహిమిక్ లాంటి ప్రోగ్రామ్‌లు విడిగా ఉంటాయి, వాటినీ ఆపాలి. చిన్న స్పీకర్లను పెద్దగా మోగించడానికి ఇవి బాస్ పెంచి, పెద్ద శబ్దాలను అణిచేస్తాయి. మంచి స్పీకర్ తగిలించినా ఆ అణచివేత అలాగే ఉండిపోతుంది. పాట మధ్యలో కాల్ రాగానే శబ్దం పడిపోతుంటే, ‘మోర్ సౌండ్ సెట్టింగ్స్’లోని ‘కమ్యూనికేషన్స్’ ట్యాబ్‌లో ‘డూ నథింగ్’ ఎంచుకోండి.

సీడీ పాట 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, విండోస్ తరచూ దాన్ని 48కి మార్చి పంపుతుంది. ఈ తేడా చెవికి పట్టేది చాలా తక్కువ. అయినా మార్పు లేకుండా వినాలంటే ఫూబార్2000 ప్రిఫరెన్సెస్‌లో, అవుట్‌పుట్ దగ్గర, పేరు పక్కన ‘ఎక్స్‌క్లూజివ్’ అని ఉన్న డివైజ్‌ను ఎంచుకోండి. అప్పుడు బ్రౌజర్ లాంటి మిగతా ప్రోగ్రామ్‌ల శబ్దం రాదు, బాస్, పై శబ్దాలను హెచ్చించి తగ్గించే ఈక్వలైజర్ ఏపీఓ ప్రోగ్రామ్ కూడా పనిచేయదు. ఈక్వలైజర్ కావాలనుకునేవాళ్లు మామూలు మోడ్‌లోనే ఉండటం మేలు. అందులో ఏదైనా 6 డెసిబెల్స్ పెంచితే ప్రీయాంప్‌ను (మొత్తం శబ్దం స్థాయిని) అంతే తగ్గించాలి, లేకపోతే పెద్ద శబ్దాల దగ్గర గొంతు చిరుగుతుంది.

విండోస్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, యాంప్లిఫయర్ దగ్గర తగ్గించుకోండి. దీనికి విరుద్ధంగా చేస్తే పాటతోపాటు వెనక బుస్సుమనే శబ్దం కూడా పెరుగుతుంది.

హమ్, బర్ర్

మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటే అది కంప్యూటర్ లోపలి విద్యుత్ రొద. డెస్క్‌టాప్‌లో ముందున్న జాక్‌కి క్యాబినెట్ లోపలి నుంచి సన్నని వైరు వెళ్తుంది కాబట్టి దాన్ని వదిలేసి, వెనక ఉన్న ఆకుపచ్చ జాక్ వాడండి.

ఆగకుండా హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. హమ్ పోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారులు కలిసి ఒక చుట్టులా ఏర్పడటం. కంప్యూటర్‌ని, యాంప్లిఫయర్‌ని ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. పాత ఇళ్లలో మూడో పిన్ను వెనక ఎర్త్ వైరే లేని సాకెట్లు ఉంటాయి, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. హమ్ పోవాలని ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి, లోపల షార్ట్ అయితే ప్రాణానికే ముప్పు. యూఎస్‌బి వైరులోనూ గ్రౌండ్ ఉంటుంది, అందుకే డాక్ కొన్నంతమాత్రాన ఈ హమ్ పోదు. శబ్దాన్ని కాంతితో పంపే ఆప్టికల్ వైరు అయితే ఆ దారి తెగిపోతుంది. అది లేకపోతే మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి, కాకపోతే చవకవి బాస్‌ను పలచన చేస్తాయి.

స్పీకర్లు, గది

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది ఇక్కడే. రెండు స్పీకర్లు, మీ తల ఒక సమభుజ త్రిభుజంలా ఉండాలి. ట్వీటర్ (పై శబ్దాలు పలికే చిన్న స్పీకర్) చెవి ఎత్తుకు రావాలి. టేబుల్ మీదైతే కింద 15, 20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. స్పీకర్లను షోకేసులో ఇరికించినా, మూలకు నెట్టినా బాస్ గుమ్మని మూసుకుపోతుంది. గోడకు కనీసం 30 సెంటీమీటర్లు ముందుకు జరిపి, పది పది సెంటీమీటర్లు మారుస్తూ వినండి.

వైర్లలో ఎరుపు, నలుపు చూసి కలపండి. ఒక స్పీకర్‌కి తారుమారైతే బాస్ మాయమవుతుంది, గొంతు మధ్యలో నిలవకుండా గదంతా చెదిరిపోతుంది. మోనో పాట పెట్టి, గొంతు సరిగ్గా మధ్య నుంచి వస్తోందో లేదో చూడండి. ఐదు మీటర్ల లోపు దూరానికి ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు.

మన ఇళ్లలో టైల్స్, సిమెంటు గోడలే పెద్ద సమస్య. చప్పట్లు కొడితే టింగుమని మోగే గదిలో ఖరీదైన డాక్ పెట్టినా గొంతు మసకగానే ఉంటుంది. మీరు కూర్చుని, ఇంకొకరిని పక్క గోడ వెంట అద్దం జరపమనండి. అద్దంలో ట్వీటర్ కనిపించిన చోట మందపాటి బొంత వేలాడదీయండి, లేదా పుస్తకాల అర పెట్టండి. నేల మీద జంపఖానా పరవండి. పలచటి కర్టెన్ పై శబ్దాలను తగ్గిస్తుంది తప్ప బాస్‌ను తాకదు.

బాస్‌కు గది కొలతే ఆధారం. 10 బై 12 అడుగుల గదిలో సుమారు 47, 56 హెర్ట్జ్ దగ్గర కొన్ని స్వరాలు మాత్రమే ఉబ్బుతాయి. గది సరిగ్గా మధ్యలోనూ, వెనక గోడకు ఆనుకునీ కూర్చోకండి. అయినా ఒకే స్వరం గుమ్మంటుంటే ఈక్వలైజర్‌లో ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రమే, సన్నని పరిధిలో 4, 5 డెసిబెల్స్ తగ్గించండి. గదిలో లోపించిన స్వరాన్ని పెంచబోతే స్పీకర్ మీద భారం పడుతుందే గానీ లాభం తక్కువ.

డాక్ ఎప్పుడు?

ఇవన్నీ అయ్యాక కూడా, వెనక జాక్‌లో పాట ఆపినప్పుడు బుస్సుమనే రొద మిగిలినా, హెడ్‌ఫోన్‌కు తగినంత శబ్దం రాకపోయినా డాక్ కొనడం సబబు. స్పీకర్ల కోసమైతే 2 వోల్టుల ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు గుండ్రటి జాక్‌ల) అవుట్‌పుట్ ఉన్నది చూసుకోండి, ఎక్కువ యాంప్లిఫయర్లకు అది సరిపోతుంది. దాన్ని యూఎస్‌బి హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్టుకు పెట్టండి. హబ్ మీద హార్డ్ డిస్క్ కూడా నడుస్తుంటే పాట మధ్యలో టిక్ టిక్‌మని తెగవచ్చు.