కరోటిడ్ ధమనిని బల్ల మీద, స్లైడ్ మీద గుర్తుపట్టడం

డిసెక్షన్ బల్ల మీద, మెడ పక్కనుండే స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ కండరాన్ని పక్కకు లాగగానే కరోటిడ్ షీత్, అంటే మెడలోంచి తలకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమనిని చుట్టి ఉన్న తొడుగు, కనిపిస్తుంది. వెంటనే బ్లేడు పెట్టకండి. దాని ముందు గోడలోనే ఆన్సా సర్వైకాలిస్ అనే నరాల ఉచ్చు ఉంటుంది, తొందరపడితే ముందు తెగేది అదే. ఆ నరాన్ని విడదీసి పక్కన పెట్టుకుని, మొద్దు ఫోర్సెప్స్‌తో షీత్‌ను నిలువుగా విప్పండి. లోపలి వైపు ధమని, బయటి వైపు ఇంటర్నల్ జుగులర్ సిర, రెంటి మధ్య వెనకగా వేగస్ నరం. సింపథెటిక్ నరాల గొలుసు షీత్‌లో ఉండదు, దాని వెనకుంటుంది. వేగస్ అని దాన్ని చూపించి విద్యార్థులు వైవాలో (మౌఖిక పరీక్షలో) దొరికిపోతుంటారు.

థైరాయిడ్ మృదులాస్థి పై అంచు దగ్గర, దాదాపు సి4 (మెడలోని నాలుగో వెన్నుపూస) ఎత్తులో, కామన్ కరోటిడ్ ఎక్స్‌టర్నల్, ఇంటర్నల్ అని రెండుగా చీలుతుంది. ఇక్కడ పేర్లను (ఎక్స్‌టర్నల్ అంటే బయటిది, ఇంటర్నల్ అంటే లోపలిది) నమ్ముకుంటే పప్పులో కాలేసినట్టే: మొదట్లో ఎక్స్‌టర్నల్ కరోటిడే ముందుకు, లోపలికి ఉంటుంది. కొమ్మలు చూడండి. ఇంటర్నల్‌కు మెడలో ఒక్క కొమ్మా ఉండదు. మొదలు దగ్గరే సుపీరియర్ థైరాయిడ్ ధమని పుట్టి కిందికి దిగుతుంటే అది ఎక్స్‌టర్నల్.

స్లైడ్ కోసం చీలిక నుంచి 2 సెంటీమీటర్లు కిందికి వచ్చి, 3–4 మిల్లీమీటర్ల ఉంగరం కోయండి. చీలిక దగ్గర వయసు మళ్లిన శరీరాల్లో సున్నం పట్టిన ప్లాక్ (గోడలో పేరుకున్న కొవ్వు గడ్డ) తరచుగా ఉంటుంది. డీకాల్సిఫై చేయకపోతే, అంటే ఆ సున్నం తీసేయకపోతే, మైక్రోటోమ్ (పలచని పొరలు కోసే యంత్రం) కింద సెక్షన్ చిరుగుతుంది. మైనంలో ఉంగరాన్ని నిటారుగా నిలపాలి. ఒరిగితే గోడ ఉన్నదానికంటే మందంగా కనిపిస్తుంది. 5 మైక్రాన్ల సెక్షన్ చాలు.

ఇది ఎలాస్టిక్ (సాగే గోడ ఉన్న) ధమని, మీడియాయే, అంటే గోడలోని మధ్య పొరే, దాని గుర్తు. హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఈయోసిన్) రంగులో గులాబీ రంగు ఎలాస్టిన్ గీతలు అలలు అలలుగా, వరసల మీద వరసలుగా ఉంటాయి, వాటి మధ్య నునుపు కండర కణాలు. గీతలు మసకగా ఉంటే మైక్రోస్కోప్ కండెన్సర్ (స్లైడ్ కింద వెలుతురు పోగుచేసే కటకం) కాస్త దించండి, మెరుస్తాయి. వెర్‌హాఫ్ వాన్ గీసన్ రంగు వేస్తే ఎలాస్టిన్ (సాగే పీచు) నల్లగా, కొల్లాజెన్ (సాగని గట్టి పీచు) ఎర్రగా, కండరం పసుపుగా తేలుతుంది. లోపలి ఎలాస్టిక్ పొర కోసం వెతుకుతూ కూర్చోవద్దు, మీడియా గీతల్లో అది కలిసిపోతుంది. మస్క్యులర్ ధమనిలోనైతే (మీడియాలో కండరమే ఎక్కువున్న దానిలో) ఆ గీత ఒంటరిగా, స్పష్టంగా నిలబడుతుంది.

ఉంగరాన్ని చీలికకు పైన, ఇంటర్నల్ కరోటిడ్ మొదట్లో కోస్తే అది కరోటిడ్ సైనస్. అక్కడ మీడియా పలచన, అడ్వెంటీషియా (గోడ బయటి పొర) మందం. రక్తపోటును పసిగట్టే గ్లాసోఫారింజియల్ నరాల చివరలు ఆ అడ్వెంటీషియాలోనే ఉంటాయి. గోడ సాగితేనే అవి స్పందిస్తాయి కాబట్టి అక్కడి మీడియా పలచబడింది. ఆ పలచదనం చూసి సిర అని రాసేయకండి.