ఉప్పురాయి – మూడో పాఠం: నీళ్ళ లెక్క

కిందటి పాఠంలో ద్రవ అణు వ్యర్థంలోంచి రేడియోధార్మిక సీజియంను చాలావరకు తీసేశాక మిగిలిన ఉప్పు ద్రావణం దగ్గర ఆగాం. ఇవాళ దాన్ని గ్రౌట్‌లో, అంటే గొట్టంలో పారేంత జారుడుగా ఉండే సిమెంటు ముద్దలో, కలిపే పాళ్ళు నేర్చుకుందాం. ఉదాహరణ పాతదే, అమెరికాలో దక్షిణ కరోలినాలోని సవన్నా రివర్ సైట్ అనే అణు కేంద్రం. 1990 నుంచి అక్కడ ఈ ద్రావణాన్ని గ్రౌట్‌గా కలిపి కాంక్రీటు కట్టడాల్లో పోస్తున్నారు. గట్టిపడ్డ ముద్దను సాల్ట్‌స్టోన్ అంటారు.

అక్కడ చాలాకాలం వాడిన పాళ్ళు ఇవి: పొడి మిశ్రమం 100 కిలోలు అనుకుంటే స్లాగ్ (ఇనుము తీసేటప్పుడు మిగిలే చిట్టెం పొడి) 45, ఫ్లై యాష్ (బొగ్గు కాల్చితే వచ్చే సన్నటి బూడిద) 45, సిమెంటు 10. సిమెంటు గ్రౌట్ అని పేరుపెట్టి సిమెంటు పది పాళ్ళేనా అని నాకూ మొదట్లో అనుమానం వచ్చింది. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అంత పెద్ద ముద్ద నడిమధ్యలో పుట్టిన వేడి బయటికి రావడం కష్టం. అందుకే సిమెంటు తగ్గించి, నెమ్మదిగా గట్టిపడే స్లాగ్, బూడిద పెంచారు. ఫ్లై యాష్ రేణువులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి గ్రౌట్ గొట్టంలో సులువుగా జారుతుంది కూడా.

స్లాగ్‌ది ఇంకో పెద్ద పని. ఈ ద్రావణంలో టెక్నీషియం-99 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది, దాని అర్ధాయువు 2 లక్షల ఏళ్ళ పైమాటే. అది ఆక్సిజన్‌తో జతకట్టి ఉంటుంది, నీళ్ళు ఎటు పోతే అటు పోతుంది. స్లాగ్‌లోని సల్ఫైడ్ దాన్ని క్షయకరణం చేసి (అంటే దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి), దాదాపు కరగని రూపంలోకి మారుస్తుంది. తర్వాత పగుళ్ళలోంచి గాలి చొరబడితే మళ్ళీ కరిగే రూపానికి వచ్చేస్తుంది. పగుళ్ళంటే టెన్షన్ అందుకే.

ఇక అందరూ తప్పు చేసే చోటు. ఈ గ్రౌట్‌లో బరువును బట్టి నీళ్ళకీ పొడికీ నిష్పత్తి సుమారు 0.6 ఉండాలి. అది చూసి 100 కిలోల పొడికి 60 కిలోల ద్రావణం పోసేస్తారు. ద్రావణం అంతా నీళ్ళు కాదు! అందులో ఉప్పు 30 శాతం ఉందనుకోండి, మీరు పోసిన నీళ్ళు 42 కిలోలే. గ్రౌట్ చిక్కబడి గొట్టంలో ఇరుక్కుంటుంది. 60ని 0.7తో భాగించండి: సుమారు 86 కిలోల ద్రావణం కావాలి.

ఇంట్లో చేసి చూడండి. వంట ఉప్పు చాలు, చేతులకి గ్లవ్స్, ముక్కుకి మాస్కు మాత్రం తప్పనిసరి. 60 గ్రాముల ఉప్పు 240 గ్రాముల నీళ్ళలో కరిగించండి. రెండు ప్లాస్టిక్ గ్లాసుల్లో 200 గ్రాముల చొప్పున సిమెంటు తీసుకుని, ఒకదాంట్లో 120 గ్రాముల ద్రావణం, రెండోదాంట్లో 150 గ్రాములు కలపండి. రెండోదాంట్లోనే నిష్పత్తి 0.6. ఏది ఎలా జారుతుందో చూసి మూత పెట్టేయండి. బస్తా మీద పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) అని ఉంటే అందులో ఫ్లై యాష్ ముందే కలిసి ఉన్నట్టు, కాబట్టి అది కూడా రాసుకోండి.

మర్నాడు పైన నీళ్ళు తేలాయేమో గమనించండి. ప్లాంటులో అలా తేలిన నీళ్ళు కూడా రేడియోధార్మికమే, వాటిని తోడి మళ్ళీ మిక్సర్‌కే పంపుతారు. తేలిన నీళ్ళు సిరంజితో లాగి, తూకం రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆ అంకెతోనే మొదలుపెడతాం.