కోతలకి ముందే చూసుకోండి: 1300 నాటి ఇంగ్లండ్ పల్లెలో ఆగస్టు జాగ్రత్తలు

ఆగస్టు 1 లామస్ పండగ, కొత్త గోధుమలతో చేసిన మొదటి రొట్టె చర్చికి పట్టుకెళ్ళే రోజు. అక్కడి నుంచి సెప్టెంబర్ 29 మైకేల్మస్ దాకా ఉన్న రెండు నెలల్లో ఏం ఇంటికి చేరిందో దాని మీదే ఏడాదంతా బతకాలి. ఇది ఒక పదిహేను ఎకరాల విలన్ కుటుంబం కోసం రాస్తున్నా. విలన్ అంటే అప్పట్లో దొర భూమికి కట్టుబడిన రైతు, పర్మిషన్ లేకుండా ఊరు వదలకూడదు, కూతురి పెళ్ళి చేసినా దొరకి డబ్బు కట్టాలి. ఇవాళ మనం దుర్మార్గుడికి వాడే మాట వీళ్ళ పేరు నుంచే వచ్చింది, పొట్టకూటికి కష్టపడ్డ మనుషులకి అలాంటి పేరు మిగలడం నాకు ఇప్పటికీ బాధే. ఆ ఇంటి పెద్దతో మాట్లాడే వీలుంటే ఇవే చెప్పేదాన్ని.

అన్నిటికన్నా ముందు ఇంట్లో ఎన్ని చేతులున్నాయో లెక్కపెట్టుకోండి. వారానికి రెండు మూడు రోజులు దొర పొలంలో ఊరికే చేసే పని ఎలాగూ ఉంది, కోతల్లో దాని మీద బూన్ వర్క్ అని ఇంకొన్ని రోజులు వచ్చి పడతాయి. పేరుకి అది "దయచేసి రండి" అని అడిగే సాయం, కొన్ని చోట్ల ప్రేమతో చేసే పని అని కూడా అనేవాళ్ళు, కానీ రాకపోతే జరిమానా. తెలంగాణలో తాతల నోట వెట్టి గురించి విన్నవాళ్ళకి నేను పెద్దగా వివరించక్కర్లేదు. చాలా ఊళ్ళలో భార్య తప్ప ఇంటిల్లిపాదీ రావాలని రూల్. ఈ లెక్క ఆ రోజు పొద్దున్న కాదు, ముందే తేల్చుకోవాలి: ఎన్ని రోజులు, ఎంతమంది, తిండి ఎవరిది. బీరు పోసే బూన్ వేరు, నీళ్ళే ఇచ్చే బూన్ వేరు, అసలు తిండే పెట్టని బూన్ ఇంకోటి. ఈ ఆనవాయితీ ఊళ్ళో ముసలివాళ్ళకి గుర్తుంటుంది, దొర కోర్టులో గొడవ వస్తే "మా తాతల నాటి నుంచి ఇంతే" అని నిలబడి చెప్పేది వాళ్ళే, కాబట్టి వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకోండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఎండ కాసిన మంచి రోజున రీవ్, అంటే దొర పొలం పనులు చూసే ఊరి మనిషి, వచ్చి పిలిస్తే అందరూ దొర చేలోకి పోవాల్సిందే, మీ గోధుమ చేలోనే నిలబడి ఉంటుంది, మర్నాడు వాన పడితే పోయేది మీదే. ఐదుగురు కలిసి కోసి కట్టలు కడితే రోజుకి రెండెకరాలు అవుతుందని 13వ శతాబ్దపు సేద్యం పుస్తకాల లెక్క, ఆ ఐదుగురిలో ముగ్గుర్ని దొర చేలోకి పంపితే మీ పొలానికి ఏం మిగులుతుందో చూడండి. అందుకే పక్కింటివాళ్ళతో ముందే మాట్లాడుకోండి, ఈ రోజు మీ మడికి మేము, రేపు మా మడికి మీరు అని. కాస్త ఖర్చయినా ఒక కూలీని పెట్టుకుని దొర పనికి పంపి మీరు మీ చేలో ఉండటం కొన్నిసార్లు లాభం. 1315లో వేసవంతా ఆగకుండా వానలు పడి పంట కుళ్ళిపోయింది, మరుసటేడూ అంతే, 1317 దాకా లక్షల మంది ఆకలికి మాడారు, అదంతా తల్చుకుంటే ఒక్క పొడి రోజు విలువేంటో అర్థమవుతుంది.

చీకటి పడ్డాక కట్టలు బండికెక్కించొద్దు, మీ సొంతవైనా సరే. ఒకరి మడి పక్కన ఇంకొకరిది, మధ్యలో కంచె లేదు, రాత్రి బండి కదిలితే దొంగతనం అనే అనుకుంటారు, అందుకే ఊరి కట్టుబాటే అలా ఉండేది. పంటకి కాపలా ఉండే హేవార్డ్ చేతిలో కొమ్ము ఉంటుంది, మీ ఆవు పక్క చేలో పడితే పేరు కోర్టుకెళ్తుంది. పరిగె ఏరుకోవడం సంగతి కూడా వినండి, అది ముసలివాళ్ళకి, చిన్నపిల్లలకి, ఒంట్లో బాలేనివాళ్ళకి వదిలిన హక్కు. రోజుకి ఒక పెన్నీ, తిండి ఇస్తామంటే కోతకి పోగలిగే మనిషి పరిగె ఏరకూడదని చాలా ఊళ్ళ రూల్. మా నాయనమ్మ వరి చేలల్లో పరిగె ఏరిన మనిషి, ఆ గింజలే వాళ్ళింట్లో నెల రోజుల అన్నం అని చెప్పేది, కాబట్టి ఈ ఒక్క రూల్ దగ్గర నేను ఊరి పక్షమే.

పదో కట్ట చర్చిది. అది పక్కన పెట్టకుండా బండి తోలొద్దు, చర్చి కోర్టు వేరే ఉంది.

ఇక పిల్లలు. నాకు ఎక్కువ భయం ఇక్కడే. హఠాత్తుగా పోయినవాళ్ళ చావుల్ని విచారించే రాజు అధికారులు, అంటే కరోనర్ల రికార్డులు చూస్తే గుండె తరుక్కుపోతుంది, అమ్మానాన్న చేలో ఉన్నప్పుడు రెండు మూడేళ్ళ పిల్లలు బావిలో, గుంటలో పడిపోవడం, ఇంటి మధ్యలో ఉండే పొయ్యి నిప్పు ఉయ్యాల గడ్డికి అంటుకోవడం, ఇంట్లోకి దూరిన పంది కరవడం. కాబట్టి చేలోకి పోయేముందు నిప్పు పూర్తిగా కప్పండి, బావి మీద పలక వెయ్యండి, పందిని బయట కట్టెయ్యండి, పిల్లల్ని ఇంకో పిల్లకి అప్పజెప్పి పోకండి, కోతకి పోలేని ముసలమ్మ ఎవరైనా ఉంటే ఆవిడ దగ్గర వదలండి, ఒక రొట్టె ఇచ్చినా తక్కువే. బండి మీద కట్టలు మరీ ఎత్తుగా పేర్చొద్దు, పైన మనిషి కూర్చోవద్దు. బండి కింద పడి ఎవరైనా పోతే ఆ బండి, గుర్రం వెల రాజుకి కట్టాలి, దాన్ని డియోడాండ్ అంటారు, మనిషీ పోయి బండీ పోయి ఆ ఇల్లు ఇక కోలుకోదు. శవాన్ని మొదట చూసినవాళ్ళు గట్టిగా అరిచి ఊరిని పిలవాలి, కరోనర్ వచ్చి చూసేదాకా పూడ్చకూడదు, పూడిస్తే ఊరందరికీ జరిమానా. దొంగని చూసినా అదే అరుపు, విన్నవాళ్ళు పరిగెత్తాల్సిందే.

1348లో ప్లేగు వచ్చి ఊళ్ళు ఖాళీ అయ్యాక కూలీలకి డిమాండ్ పెరిగింది, అప్పుడు ఇంకో జాగ్రత్త. 1351 చట్టం కోతకూలి ఆగస్టు మొదటి వారం రోజుకి రెండు పెన్నీలు, రెండో వారం రోజుకి మూడు పెన్నీలు అని కట్టేసింది. పక్క ఊళ్ళో ఎక్కువిస్తారని వెళ్ళే కుర్రాళ్ళకి ముందే చెప్పండి, ఊరూరా కాళ్ళు బిగించే కొయ్యలు పెట్టించారు.

పంట ఇంటికొచ్చాక మర పన్ను ఉంటుంది, దొర మరలోనే ఆడించాలి, పిండిలో వాటా పోతుంది. ఇంట్లో తిరగలి దాచుకోవడం ప్రమాదం, సెయింట్ ఆల్బన్స్‌లో మఠాధిపతి జనం తిరగళ్ళు లాక్కుని తన గది నేలకి పరిచేశాడు, 1381 రైతుల తిరుగుబాటులో జనం వెళ్ళి వాటిని పెకలించుకున్నారు. అన్నిటికన్నా ముందు మాత్రం విత్తనం తీసి పెట్టండి. ఎకరానికి రెండు బుషెల్స్ (బుషెల్ అంటే అప్పటి గింజల కొలత) గోధుమ చల్లితే ఎనిమిది వచ్చే రోజులవి, నాలుగో వంతు మళ్ళీ మట్టికే పోవాలి. ఆ గింజలు వేరే గంపలో పోసి, మూత కట్టి, ఎలకలు ఎక్కని చోట వేలాడదీయండి, కొత్త రొట్టె వాసన ఇల్లంతా నిండకముందే.