రొమ్ము క్యాన్సర్ ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టులో గట్టు తెగిందో లేదో చూసుకోవడం

డెల్టాలో పంట కాలువకి గండి ఊరికే పడదు. ముందు ఎలుకలు, ఎండ్రకాయలు గట్టులో బొరియలు చేస్తాయి. నీరు బయటికి కనపడేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. రొమ్ములో పాలనాళం సంగతీ దాదాపు ఇంతే. నాళానికి లోపల ఒక కణాల వరస, దాన్ని చుట్టి మయోఎపిథీలియల్ కణాల వరస, ఆ పైన లామినిన్, నాలుగో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్లు అల్లుకున్న పల్చటి పొర ఉంటాయి. క్యాన్సర్ కణాలు ఆ పొర లోపలే ఉంటే డీసీఐఎస్ (డక్టల్ కార్సినోమా ఇన్ సైటు), అంటే సున్నా దశ. పొర దాటితే ఇన్వేసివ్, అంటే బయటికి చొచ్చుకుపోయిన క్యాన్సర్. రిపోర్టులో ముందు వెతకాల్సింది ఈ మాటే.

మయోఎపిథీలియల్ కణాలు కాలువ మీద కాపలా కాసే లస్కర్ల లాంటివి. పొరకి కావాల్సిన లామినిన్ చేసేవి, కోత ఎంజైముల్ని ఆపే ప్రోటీన్లు వదిలేవి అవే. నాళం కణాలతో కిక్కిరిసేకొద్దీ ఈ వరస పల్చబడి, అక్కడక్కడ మాయమవుతుంది. అప్పుడు ఎంఎంపీ2, ఎంఎంపీ9 ఎంజైములు కొల్లాజెన్‌ని కోసేస్తాయి. వీటిని క్యాన్సర్ కణాలే కాదు, నాళం బయటి కణజాలంలో ఉండే ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలూ వదులుతాయి. అంటే గట్టుని రెండు వైపులా తవ్వుతున్నట్టు. నాళం మధ్యకి రక్తనాళాలు వెళ్లవు కాబట్టి అక్కడి కణాలు ఆక్సిజన్ అందక చచ్చి, సున్నం పడుతుంది. మామోగ్రామ్‌లో తెల్లటి నలుసుల్లా కనిపించేవాటిలో కొన్ని అవే.

టీపీ53, పీఐకే3సీఏ లాంటి జన్యువుల్లో మార్పులు చాలాసార్లు డీసీఐఎస్ దశలోనే వచ్చేసి ఉంటాయి. అందుకే పొర దాటిందో లేదో జన్యు పరీక్ష చెప్పలేదు, స్లైడే చెప్పాలి. అనుమానం ఉంటే మయోఎపిథీలియల్ కణాల్ని పట్టిచ్చే పీ63, ఎస్ఎంఎంహెచ్‌సీ రంగులు వేయిస్తారు. పీ63లో నాళం చుట్టూ గోధుమరంగు చుక్కలు దండలా ఉంటే కాపలా ఉన్నట్టు. హై గ్రేడ్ (కణాలు బాగా వికారంగా మారిన) డీసీఐఎస్‌లో చుక్కలు ఎడంగా పడతాయి, అంతమాత్రాన ఇన్వేసివ్ అనేయకూడదు. ఒక్క రంగుతో తేల్చకుండా రెండు చూడమనేది ఇందుకే.

ముక్కని పంపేటప్పుడే రిపోర్టు పాడవగలదు. కోనసీమ నుంచి కాకినాడకో రాజమండ్రికో వెళ్లాలంటే సీసాలో ఉండాల్సింది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. సెలైన్ కాదు, ఐసూ కాదు. తీసిన గంటలోపే అందులో వేయాలి. ద్రవం ముక్కకి పదింతలు ఉండాలి. 6 గంటలకి తక్కువ, 72 గంటలకి ఎక్కువ నానితే ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (కణం మీది ఒక ప్రోటీన్) ఫలితాలని నమ్మలేం. శనివారం తీసి బుధవారం దాకా అలాగే ఉంచితే గడువు దాటినట్టే. ఆపరేషన్‌లో తీసిన పెద్ద ముక్కని కోసి ఫార్మలిన్‌లో పెట్టాలి. ద్రవం గంటకి సుమారు 1 మిల్లీమీటరే లోపలికి దిగుతుంది, కోయకపోతే నడుమ కుళ్లుతుంది.

సూదితో తీసిన ముక్కలో డీసీఐఎస్ మాత్రమే వచ్చిందని నిశ్చింతగా ఉండలేం. అది కాలువ పొడుగునా ఒకచోట గట్టు చూసినట్టే. ఆపరేషన్ తర్వాత పూర్తి ముక్కలో ఇన్వేసివ్ భాగం బయటపడొచ్చు. 1 మిల్లీమీటరుకి మించకపోతే మైక్రోఇన్వేజన్ అని విడిగా రాస్తారు.

ఈఆర్ 1 శాతం కణాల్లో ఉన్నా పాజిటివే, అయితే 10 శాతం లోపైతే 'లో పాజిటివ్' (తక్కువ పాజిటివ్) అంటారు. హెర్2 అంకె పొర దాటిన భాగానికే మందుల్ని మారుస్తుంది. 3+ అయితే పాజిటివ్, 2+ అయితే హెర్2 జన్యువు కాపీలు లెక్కపెట్టే ఫిష్ పరీక్ష అడగాలి. అంచుల లెక్క కూడా వేరు: రొమ్ము ఉంచి చేసే ఆపరేషన్‌లో డీసీఐఎస్ మాత్రమే ఉంటే కోసిన అంచుకీ దానికీ మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ కోరతారు, ఇన్వేసివ్ అయితే గుర్తుకి సిరా పూసిన అంచు మీద క్యాన్సర్ కణాలు లేకపోతే చాలు. రెండో అభిప్రాయానికి కాగితం ఒక్కటే తీసుకెళ్తే పని జరగదు, స్లైడ్లూ, ముక్కని దాచిన మైనం బ్లాకులూ కూడా అడిగి తీసుకోవాలి.