గడ్డకట్టే చలిలో హెల్బోర్ పెంపకం

షికాగో, మినియాపోలిస్, టొరంటో లాంటి చోట్ల మంచు పూర్తిగా కరగకముందే పూసే మొక్క కావాలంటే హెల్బోర్ వేసుకోండి. దీన్ని చంపేది ఉత్త చలి కాదు. మొక్క మొదలు దగ్గర నీరు నిలిస్తే కుళ్లుతుంది, చలిగాలి నేరుగా కొడితే ఆకులు మాడతాయి. కాబట్టి చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది.

ముందు రకం చూసుకోవాలి. లెంటెన్ రోజ్ పేరుతో అమ్మే హైబ్రిడ్లు, చలికాలపు చలిని బట్టి అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) విడదీసిన మండలాల్లో జోన్ 5లో, అంటే సుమారు మైనస్ 29 డిగ్రీల సెల్సియస్ దాకా, నిబ్బరంగా ఉంటాయి. ఇంకా చలి ఎక్కువుండే జోన్ 4కి క్రిస్మస్ రోజ్, అంటే హెల్బోరస్ నైగర్, మేలు. పేరులో క్రిస్మస్ ఉన్నా అంత చలిలో వసంతానికే పూస్తుంది. కోర్సికన్ రకం జోలికి మాత్రం వెళ్లొద్దు, ఆ చలికి అది నిలవదు.

ఆకురాల్చే చెట్ల కింద, కాస్త వాలుగా ఉన్న నేల శ్రేష్ఠం. వేసవిలో నీడ, వసంతంలో ఎండ రెండూ దొరుకుతాయి. చూరు నీళ్లు పడే చోట, ఉప్పు కలిసిన మంచును పారతో ఎత్తిపోసే చోట నాటకండి. 30 సెంటీమీటర్ల లోతు తవ్వి, బాగా చివికిన కంపోస్టు 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన వేసి కలపండి. బంకమట్టి అయితే మడిని చుట్టూ నేలకన్నా ఎత్తు చేయాలి. మొక్కకూ మొక్కకూ 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎడం ఉంచండి.

చాలామంది తప్పేది లోతు దగ్గర. మొగ్గలు పుట్టే మొదలు మీద మట్టి 2.5 సెంటీమీటర్లు మించకూడదు. అంతకన్నా లోతుగా పాతితే ఏళ్లు గడిచినా ఆకులే తప్ప పూలు రావు. వసంతంలో నాటడం మంచిది. శరదృతువులో అయితే నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందే పూర్తిచేయాలి. ఆలస్యమైతే వేరు పట్టదు, నేల గడ్డకట్టి కరిగినప్పుడల్లా మొక్క పైకి తన్నుకొస్తుంది.

మొదటి ఏడాది వానలు లేకుంటే వారానికి ఒకసారి లోతుగా తడపండి. శరదృతువు పొడిగా ఉంటే నేల గడ్డకట్టేదాకా ఆపొద్దు. గడ్డకట్టిన నేలలోంచి వేర్లు నీరు తీసుకోలేవు, ఆకులు మాత్రం గాలికి తేమ పోగొట్టుకుంటూనే ఉంటాయి. అంచులు గోధుమరంగుకు తిరగడం అందుకే. నేల గట్టిపడ్డాక ఎండుటాకులను ముక్కలు చేసి 5 సెంటీమీటర్ల మందాన పరచండి, మొదలుకు తగలనివ్వొద్దు. మేపుల్ ఆకులను అలాగే వేస్తే తడిసి అట్టకట్టి మొగ్గలను కుళ్లబెడతాయి.

పాత ఆకులను శరదృతువులోనే కోసేయమని ఇంగ్లండ్ వాళ్లు చెప్పే సలహా ఇంత చలి ఉండే చోట్లకు నప్పదు. ఆ ఆకులే మొగ్గలకు కప్పు. మంచు తగ్గి, మొగ్గలు తలెత్తే వేళ వాటిని నేల దగ్గరికి కోసేయండి. వాటి మీద నల్లమచ్చ తెగులు ఉంటే కంపోస్టులో వేయకుండా చెత్తలో పడేయండి. పూలకాడలు వేలాడినా కంగారుపడి కత్తిరించకండి, గడ్డకట్టే రాత్రుల్లో అవి వాలిపోయి, ఎండ తగలగానే లేస్తాయి.

కొత్త ఆకుల ఈనెల వెంట నల్లటి చారలు, గిడసబారిన ఎదుగుదల కనిపిస్తే అది బ్లాక్ డెత్ అనే వైరస్. పేనుబంక ద్వారా పాకుతుంది, మందు లేదు. మొక్కను వేర్లతో సహా పీకేయాల్సిందే.

విత్తనంతో పెంచాలంటే వేసవి మొదట్లో కాయ పగలగానే తాజాగా చల్లాలి. ముందు వెచ్చదనం, తర్వాత చలి తగిలితేనే మరుసటి వసంతానికి మొలుస్తాయి, పూతకు మరో రెండు మూడేళ్లు పడుతుంది. పాకెట్లో ఎండిన విత్తనం మొలవడం చాలా కష్టం.

మొక్కంతా విషమే. జింకలు, కుందేళ్లు ముట్టనిది అందుకే. పసరు తగిలితే చర్మం మండుతుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. పూజకు పూలు కోసేవాళ్లు ప్రసాదం పళ్లెంలో, తీర్థంలో వీటిని ఉంచకండి.