డెస్క్‌టాప్ హోరెత్తుతోందా? వేడెక్కి ఆగిపోతోందా? దుమ్ము దులిపే ముందు, దులిపిన తర్వాత

ఆన్ చేయగానే ఫ్యాన్ హోరుమంటుంది. కాసేపు గేమో, వీడియో ఎడిటింగో నడిపితే కంప్యూటర్ నెమ్మదిస్తుంది. ఇంకాసేపటికి ఉన్నట్టుండి ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేసి ఆన్ చేస్తే మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఇవన్నీ కలిసి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దుమ్మునే. పాతబడిపోయింది, ఇక కొత్తది కొనాల్సిందే అనుకునే ముందు ఒక్కసారి పక్క మూత తీసి చూడండి.

వాడుకలో మొత్తం పెట్టెనే సీపీయూ అంటాం. గందరగోళం లేకుండా ఇక్కడ పెట్టెను క్యాబినెట్ అని, లోపలి చిప్‌ను ప్రాసెసర్ అని అంటాను.

నిజంగా దుమ్మేనా?

విండోస్ అయితే, ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను ఎంత వాడుకుంటోందో చూపే టాస్క్ మేనేజర్ తెరవండి. మీరేమీ చేయకపోయినా ఏదో ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను 80, 90 శాతం వాడుకుంటుంటే ఆ హోరుకు కారణం అదే. దాన్ని మూసేస్తే ఫ్యాన్ హోరు తగ్గుతుంది, మూత తీయక్కర్లేదు.

అలాంటిదేమీ లేకపోతే వేడి ఎంతుందో చూడాలి. ఉష్ణోగ్రత చూపే ఉచిత ప్రోగ్రామ్‌లు చాలా ఉన్నాయి, బయోస్‌లోనూ (విండోస్ మొదలయ్యేలోపే తెరిచే కంప్యూటర్ సెట్టింగుల తెర) ఆ అంకె కనిపిస్తుంది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ వేడి 35 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం మామూలే. ఖాళీగా ఉండగానే 70 దాటుతుంటే లోపలి వేడికి బయటికి దారి లేదన్నమాట. పని ఎక్కువైనప్పటి అంకెను బట్టి మాత్రం కంగారు పడకండి, 95 డిగ్రీల దాకా వెళ్లేలా తయారైన ప్రాసెసర్లు కూడా ఉన్నాయి. హద్దు దగ్గరికి రాగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే కంప్యూటర్‌ను ఆపేస్తుంది. నెమ్మదించడం, ఆగిపోవడం రెండూ తనను తాను కాపాడుకోవడానికే. ఖాళీగా ఉన్నప్పటి అంకెను రాసి పెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

దుమ్ము ఎక్కడుంటుంది?

మూత తీయగానే అడుగున కనిపించే దుమ్ము పెద్దగా హాని చేయదు. అసలు చిక్కు కంటికి కనబడని చోట ఉంటుంది. ప్రాసెసర్ మీద ఫ్యాన్, దాని కింద వేడిని లాగేసే సన్నటి అల్యూమినియం రేకుల హీట్‌సింక్ ఉంటాయి. ఈ రెండూ కలిపి కూలర్ అంటారు. ఫ్యాన్ లాగిన గాలిలోని దుమ్ము ఆ రేకుల పైఅంచున చిక్కుకుని, నెలల తరబడి పేరుకుని, కంబళి ముక్కలా అట్ట కడుతుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి ఆ అట్టను దాటి కిందికి పోదు. పైకి శుభ్రంగా కనిపించే కంప్యూటర్ కూడా వేడెక్కేది ఇందుకే. టార్చిలైటుతో రెక్కల సందుల్లోంచి చూస్తే తెలిసిపోతుంది. తెర మీది బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటే, దాని ఫ్యాన్ల వెనకా ఇదే పరిస్థితి.

దులిపే పద్ధతి

ముందు షట్‌డౌన్ చేయండి. స్లీప్‌లో పెడితే సరిపోదు. వెనక స్విచ్ ఆపి, పవర్ కేబుల్‌తో సహా అన్ని వైర్లూ తీసేయండి. ఏ వైరు ఎక్కడుందో ముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఆ తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు ఖాళీ అవుతుంది. క్యాబినెట్‌ను గాలి ఆడే చోటికి తీసుకెళ్లి, ముక్కుకు మాస్క్ కట్టుకోండి.

మదర్‌బోర్డును, అంటే లోపలి భాగాలన్నీ బిగించి ఉండే పెద్ద బోర్డును ముట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు వేయని లోహపు భాగాన్ని చేత్తో తాకండి, మధ్యమధ్యలోనూ తాకుతుండండి. ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు మనకు తెలియనంత చిన్నదైనా చిప్‌లను దెబ్బతీయగలదు. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌ను లోపల పెట్టొద్దనేదీ ఇందుకే. గాలి, దుమ్ము రాసుకుంటూ పోయే దాని గొట్టం మూతి దగ్గర స్థిర విద్యుత్తు పుడుతుంది. తడిగుడ్డ అసలే వద్దు.

ఎయిర్ డస్టర్ స్ప్రే డబ్బా గానీ, చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్ గానీ వాడండి. డబ్బాను నిలువుగానే పట్టుకోవాలి. వంచినా తలకిందులు చేసినా ద్రవం బయటికి చిమ్మి, తగిలిన చోట మంచు కడుతుంది. చాలా డబ్బాల్లో ఉండేది మండే వాయువు కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఏకధాటిగా కాకుండా, ఒకటి రెండు సెకన్ల చొప్పున ఆగి ఆగి కొట్టండి.

గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. వదిలేస్తే ఫ్యాన్ తన హద్దు దాటిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. తిరిగే మోటారు జనరేటర్‌లా పనిచేసి బోర్డులోకి ఎదురు కరెంటు పంపే ప్రమాదమూ ఉంది.

కూలర్ మీది ఫ్యాన్ విడిగా ఊడేదైతే విప్పి, మెత్తటి పొడి బ్రష్‌తో రేకుల మీది అట్టను ఎత్తేయండి. ఊడి రాకపోతే లాగొద్దు. పక్కనుంచి రేకుల మధ్యకు గాలి కొడితే అట్ట ముక్కలుగా బయటికొస్తుంది. ముందువైపు ఫిల్టర్ జాలీని నీళ్లతో కడగొచ్చు, కానీ పూర్తిగా ఆరాకే బిగించండి.

లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. కేబుల్ తీసేసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో (కరెంటును నిల్వ ఉంచే భాగాలు) ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండగలదు. జాలీ సందుల్లోంచి గాలి కొట్టి వదిలేయండి.

దులిపాక ఆన్ కావడం లేదు, లేదా బొమ్మ రావడం లేదు

టెన్షన్ పడకండి, చాలాసార్లు ఏదీ కాలిపోయి ఉండదు. అసలు కదలికే లేకపోతే వెనక స్విచ్ ఆన్ చేశారో లేదో చూడండి. ఫ్యాన్లు తిరుగుతూ కూడా బొమ్మ రాకపోయినా, బీప్ శబ్దాలు వస్తున్నా ర్యామ్ (మదర్‌బోర్డులో గుచ్చి ఉండే పొడుగాటి మెమరీ పలక) కదిలి ఉండొచ్చు. కేబుల్ తీసేసి, ర్యామ్‌ను బయటికి తీసి, టక్కుమని క్లిప్ పడేదాకా రెండు చివర్లా సమానంగా నొక్కండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు మానిటర్ కేబుల్‌ను ఆ కార్డుకే పెట్టారా, పొరపాటున మదర్‌బోర్డుకు పెట్టారా అన్నదీ చూసుకోవాలి.

సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని తెర మీద వస్తే ప్రాసెసర్ ఫ్యాన్ వైరు ఊడిందనో, వేరే పిన్నులకు పెట్టారనో అర్థం. అది సరిచేయకుండా కంప్యూటర్ వాడొద్దు.

ఫ్యాన్ టకటకలాడుతుంటే ఏదో వైరు రెక్కకు తగులుతోంది, దాన్ని పక్కకు కట్టేస్తే సరి. శుభ్రం చేశాక కూడా గరగర పోకపోతే కంప్యూటర్ ఆపి రెక్కను వేలితో నెమ్మదిగా తిప్పి చూడండి. పట్టేసినట్టు తిరిగితే బేరింగ్ అరిగినట్టే. అప్పుడు ఫ్యాన్ మార్చడమే దారి.

దుమ్ము పోయినా వేడి తగ్గలేదు

ముందు రాసుకున్న అంకెతో పోల్చండి. పెద్దగా తేడా లేకపోతే, ఫ్యాన్లన్నీ తిరుగుతూనే ఉంటే, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండి వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. కూలర్‌ను ఒకసారి పైకి లేపారంటే పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పెట్టాల్సిందే, పాతదాని మీదే బిగిస్తే వేడి ఇంకా పెరుగుతుంది. బఠాణీ గింజంత చుక్క ప్రాసెసర్ మధ్యలో పెడితే చాలు. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్, దానికి ఏఎం4 అనే సాకెట్ (మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. పేస్ట్ గట్టిపడి ఉంటే కూలర్‌తో పాటే ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి దాని పిన్నులు వంగొచ్చు. విప్పే ముందు కాసేపు కంప్యూటర్ నడిపి పేస్ట్‌ను వేడెక్కనిచ్చి, ఆపి, కేబుల్ తీసేసి, కూలర్‌ను నేరుగా లాగకుండా అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ పైకి తీయండి.